మూన తిరిగే వేళ

సంక్రాంతి వెళ్ళిన నాలుగోనాడు, దీపాలు పెట్టే వేళకి, ఒక తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తండ్రి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. చుండూరులో రెండెకరాలు సొంతం, ఇంకో మూడెకరాలు కౌలు. వరి కోసిన చేలో మొక్కజొన్న వేశాడు. కొడుక్కి పదహారు నిండాయి. ఇంటర్ మొదటి సంవత్సరం. హాస్టలు నుంచి పండక్కని వచ్చి, పండగయ్యాక ఇక వెళ్ళనని కూర్చున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. రెండు దెబ్బలు వేసినా చెప్పలేదట.

“వీడికి నాలుగు మంచి ముక్కలు చెప్పండి మాస్టారూ. మా మాట చెవికెక్కడం లేదు. మొక్కై వంగనిది మానై వంగుద్దా?” అన్నాడు తండ్రి.

పిల్లవాడు వసారా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తల మీద టోపీ, కళ్ళ దాకా లాక్కున్నాడు. ఎడమకాలి బొటనవేలితో కుడికాలి హవాయి చెప్పు పట్టీని లాగుతున్నాడు. పట్టీ గుండీ ఊడివచ్చింది. వంగి దాన్ని రంధ్రంలోకి దూర్చి, మళ్ళీ లాగడం మొదలుపెట్టాడు. నేను చెప్పబోయే నాలుగు ముక్కలూ వాడు అప్పటికే నలుగురి నోట విని ఉన్నాడని నాకు తెలిసిపోయింది.

“పెరట్లో జామచెట్టు చిటారుకొమ్మన కాయలున్నాయి, నాకు అందడం లేదు. చూసి రా నాయనా” అని వాణ్ణి పంపేశాను. తండ్రిని కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం అతనితో అన్నవీ, ఆ రాత్రి నిద్రపట్టక నాలో నేను అనుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. హితం అడిగింది కొడుకు కోసం. నేను చెబుతున్నది తండ్రికి.

ఇందులో వింతేమీ లేదు. విదురనీతి అని మనం భక్తిగా చదువుకునేది విదురుడు ఎవరికి చెప్పాడు? దారి తప్పిన కొడుకుకి కాదు. నడిరాత్రి నిద్రపట్టక పిలిపించుకున్న తండ్రికి. ధృతరాష్ట్రుడు అంతా విన్నాడు, అంతా నిజమేనన్నాడు, తెల్లవారాక మళ్ళీ పాత దారినే పోయాడు. నా మాటలకీ ఆ గతే పట్టొచ్చు. అయినా చెప్పడం నా ధర్మం.

నాయనా, కఠోపనిషత్తులో ఒక పిల్లవాడున్నాడు. నచికేతుడు. వాడి కథను మనం ఆత్మజ్ఞానం కోసమే చదువుతాం గాని, అందులో ఒక ఇంటి గొడవ ఉందని గమనించం. తండ్రి వాజశ్రవసుడు సర్వస్వమూ దానం చేసే యాగానికి పూనుకున్నాడు. తీరా దానానికి తోలుకొచ్చిన ఆవుల్ని చూస్తే అన్నీ వట్టిపోయినవి, ముసలివి, తీసుకున్నవాడికి గడ్డి దండగ. చుట్టూ ఉన్న పండితులెవరూ నోరు మెదపలేదు. పిల్లవాడు చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు. మరి నన్నెవరికి ఇస్తావు నాన్నా అని అడిగాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు అడిగాడు. తండ్రికి ఒళ్ళుమండింది. నిన్ను యముడికిస్తానన్నాడు.

ఆ మాటకి మన ఇళ్ళలో ఎన్ని రూపాలున్నాయో నీకు తెలియనిది కాదు. ఎక్కడన్నా పడి చావు అంటాం. నువ్వు పుట్టకపోయినా బాగుండేదంటాం. అన్నవాళ్ళం అన్నం తినేలోపు మరిచిపోతాం. నచికేతుడు మరిచిపోలేదు. నిజంగానే వెళ్ళాడు.

యముడు ఇంట్లో లేడు. పిల్లవాడు ఆ గుమ్మంలో మూడు రాత్రులు అన్నం నీళ్ళు లేకుండా కూర్చున్నాడు. తిరిగొచ్చిన యముడు ఏం చేశాడు? నువ్వెందుకొచ్చావు, ఎవరి అబ్బాయివి, నీ మార్కులెన్ని అని అడగలేదు. మా ఇంటి ముందు పస్తున్నావు, తప్పు జరిగిందని నమస్కరించి, రాత్రికొక వరం చొప్పున మూడు వరాలు ఇస్తానన్నాడు. మృత్యుదేవుడంతటివాడు పసివాడి ముందు తప్పు ఒప్పుకున్నాడు. నాయనా, నువ్వు నీ కొడుకు ముందు ఎప్పుడైనా ఒప్పుకున్నావా? నేను నా కొడుకు ముందు ఒప్పుకోలేదు. ఇప్పుడు వాడికి నలభై దాటాయి.

ఇక ఆ పిల్లవాడు కోరిన మొదటి వరం చూడు. మూడో వరం గురించి గ్రంథాలకు గ్రంథాలు రాశారు, మొదటిదాన్ని అందరూ ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను తిరిగి ఇంటికి వెళ్ళేసరికి నాన్న కోపం పోవాలి, నన్ను గుర్తుపట్టాలి, నాతో మాట్లాడాలి. ఇదీ వాడు యముణ్ణి అడిగింది. మరణరహస్యం కంటే ముందు ఇది అడిగాడు. ఇల్లు విడిచిన ప్రతి పిల్లవాడి కడుపులోనూ ఉన్న కోరిక ఇదే. వాడు బయటికి ఏ మాట అన్నా సరే, ఎంత పొగరుగా నిలబడ్డా సరే.

ఇలాంటివాడే ఇంకొకడు ఈ మధ్యకాలపు కథలో ఉన్నాడు. 1951లో శాలింజర్ అనే అమెరికా రచయిత ‘ది క్యాచర్ ఇన్ ది రై’ అనే నవల వెలువరించాడు. అందులో కుర్రవాడి పేరు హోల్డెన్ కాల్‌ఫీల్డ్. వయసు మీవాడి వయసే. నాలుగు సబ్జెక్టులు తప్పాడు, హాస్టలు బడి నుంచి తీసేశారు. క్రిస్మస్ సెలవులు ఇంకా రాలేదు. సొంత ఊరు న్యూయార్కుకి రైలెక్కి వచ్చాడు గాని, ఇంటికి వెళ్ళలేదు. హోటల్లో దిగాడు. వేటగాళ్ళు పెట్టుకునే ఎర్రటోపీ ఒకటి అంతకుముందే కొనుక్కున్నాడు, దాన్ని వెనక్కి తిప్పి పెట్టుకుని తిరిగాడు. కనబడినవాళ్ళందరూ బూటకపు మనుషులని విసుక్కున్నాడు. కనబడినవాళ్ళందరితోనూ మాట కలపాలని తహతహలాడాడు. టాక్సీ తోలేవాణ్ణి సైతం, చలికాలంలో చెరువు గడ్డకడితే అందులో బాతులు ఎక్కడికి పోతాయని అడిగాడు. ఆ ప్రశ్న బాతుల గురించేనా అని ఒక్కరూ ఆలోచించలేదు.

రెండోరాత్రి తన ఇంటికే దొంగలా వెళ్ళాడు. పదేళ్ళ చెల్లెలు ఫీబీని చూడాలని. తల్లి వచ్చిన అలికిడికి గబుక్కున బట్టల అలమరలో దాక్కున్నాడు. చెల్లెలికి సంగతి తెలియగానే ఆ పిల్ల నోట వచ్చింది ఒకటే, నాన్న చంపేస్తాడని. మళ్ళీ మళ్ళీ అదే. ఆ నవల మొత్తంలో తండ్రి ఒక్కసారి కూడా మన ఎదటికి రాడు. పెద్ద లాయరని, డబ్బుకి లోటులేదని మాత్రం తెలుస్తుంది. తండ్రి మొహం లేదు, తండ్రి భయం మాత్రం ఉంది. వాజశ్రవసుడి మాట సముద్రాలు దాటి అక్కడా వినబడుతున్నది.

ఆ కుర్రవాడి లోపల ఇంకొక పుండు ఉంది. తమ్ముడు ఆలీ రక్తపు జబ్బుతో పోయాడు. తమ్ముడి బేస్‌బాల్ చేతితొడుగు మీద పచ్చసిరాతో పద్యాలు రాసి ఉండేవి, ఆట మధ్యలో తోచనప్పుడు చదువుకోడానికి. ఆ తొడుగుని హోల్డెన్ పెట్టెలో పెట్టుకు తిరుగుతాడు. తమ్ముడు పోయిన రాత్రి పదమూడేళ్ళవాడు గరాజు కిటికీల అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఆ చెయ్యి తర్వాత ఎన్నడూ గట్టిగా పిడికిలి పట్టలేదు. ఆ చేతికి వైద్యం చేశారు. ఆ రాత్రి గురించి వాడితో కూర్చుని మాట్లాడినవాళ్ళు మాత్రం పుస్తకంలో నాకు కనబడలేదు.

హితబోధ చేసినవాళ్ళు మాత్రం ఇద్దరున్నారు. మొదటివాడు స్పెన్సర్ అనే ముసలి చరిత్ర మాస్టారు. జలుబు, జ్వరం, మంచం పక్కన మందులు. పిల్లవాడు సెలవు చెప్పడానికి వస్తే, వాడు తప్పిన పరీక్ష కాగితం తీసి వాడి ముందే పైకి చదివాడు. మంచి మనిషే. పిల్లవాడి మంచి కోరే చదివాడు. పిల్లవాడు ఆ ముసలాయన మీద జాలిపడి, ఏదో అబద్ధం చెప్పి, లేచిపోయాడు. రెండోవాడు ఆంటొలినీ. అంతకుముందు ఒక బడిలో తోటిపిల్లల హింస పడలేక కిటికీలోంచి దూకి చచ్చిపోయిన కుర్రవాణ్ణి, అందరూ చూస్తూ నిలబడితే, తన కోటు కప్పి, రక్తం అంటుతుందని కూడా చూడకుండా చేతుల్లో ఎత్తుకుపోయిన మాస్టారు ఆయన. ఆ చేతులే ఆయన అసలు బోధ అనిపిస్తుంది నాకు. కాని అర్ధరాత్రి ఆశ్రయం కోరి వచ్చిన హోల్డెన్‌ని కూర్చోబెట్టి ఆయన గంభీరమైన ఉపదేశం మొదలుపెట్టాడు. మాటలన్నీ విలువైనవే. పిల్లవాడు మాత్రం నిద్రకి తూలుతున్నాడు. ఆ రాత్రి వాడికి కావలసింది పరుపు, దుప్పటి. తర్వాత నిద్రలో మెలకువ వస్తే ఆ పెద్దమనిషి చెయ్యి తన తల మీద ఉంది. వాడు బెదిరి పారిపోయాడు. ఆ చెయ్యి వాత్సల్యంతో పెట్టిందో మరొకటో రచయిత తేల్చలేదు. ఆశ్రయం ఇచ్చినవాడు తన చేతిని కూడా అదుపులో పెట్టుకోవాలని మాత్రం నేను తెలుసుకున్నాను.

వాణ్ణి ఇంటికి మళ్ళించింది ఎవరో తెలుసా? ఆ పదేళ్ళ పిల్ల. అన్న ఎక్కడికో పారిపోతున్నాడని తెలిసి, తన బట్టలు పెట్టెలో కుక్కుకుని, ఆ పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి నేనూ వస్తానంది. ఒక్క నీతివాక్యం చెప్పలేదు. వెంట నడిచింది, అంతే.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అంటావేమో. పక్కనున్న తెనాలికి పోదాం.

తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి నీకు తెలుసు. ఆయన కొడుకు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశాడు. ఎందుకు అని అడగడం నేర్పినందుకు ఆ పుస్తకాన్ని తండ్రికే అంకితమిచ్చాడు. ఇక ఆ పుస్తకంలోని సీతారామారావుకి వాళ్ళ నాన్న ఏమిచ్చిపోయాడు? వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న చివరి మాట. ప్రశ్నని ఆస్తిగా పొందిన కొడుకు, పరువుని అప్పుగా మోసిన కొడుకు కథ రాశాడు. ఈ రెండిటి మధ్య తేడా ఆలోచించు నాయనా.

సీతారామారావు చెడ్డవాడు కాదు. అడిగినవాళ్ళకల్లా పెట్టాడు, వంశం పేరు నిలవాలని. ఆస్తి కరిగింది. పెట్టించుకున్న చేతులు పక్కకు తిరిగాయి. ప్రేమతో కట్టుకున్న ఇందిర మొహం చూడలేకపోయాడు. ఊరి మనుషుల మాట వింటే వికారం, తన మాట తాను వింటే ఇంకా వికారం. భార్య మీద, కన్నకూతురి మీద చెయ్యి చేసుకునేదాకా దిగజారాడు. చివరికి శ్మశానంలో తనతో తాను కలబడి అంతమయ్యాడు. ప్రకృతితో పొత్తు కలుపుకుని బతికే రామయ్యతాత ఆ ఊళ్ళోనే ఉన్నాడు, దారీ చూపాడు. కాని ఆ మాటలు అందేసరికి సీతారామారావు చాలా దూరం వెళ్ళిపోయాడు. ఆ పుస్తకం చదివినప్పుడల్లా తండ్రి చివరి మాట దగ్గరే ఆగిపోతాను. చావబోయే తండ్రి, కొడుకు చెయ్యి పట్టుకుని, నీకేం భయంగా ఉందిరా అని ఒక్కమాట అడిగి ఉంటే? కథ ఉండేది కాదు, నిజమే. మనిషి ఉండేవాడు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిది వేరే గాయం. తండ్రి నోరు కాదు, ఊరి నోరు. తల్లి నడత గురించి లోకం గుసగుసలాడింది. కొడుకు డాక్టరయ్యాడు, ఊళ్ళు మారాడు, వజ్రం దొరికింది, ప్రేమించిన స్త్రీలు ఉన్నారు. ఎక్కడికి పోయినా ఆ గుసగుస ముందే వెళ్ళి కూర్చుంది. రచ్చబండ మీద, రైల్వే గేటు దగ్గర, పెళ్ళి భోజనాల వరసల్లో మనం ఫలానా వాళ్ళ అమ్మ అని దొర్లించే మాట ఏ పిల్లవాడి చెవిన పడి, ఎన్నేళ్ళు అక్కడ కుళ్ళుతుందో మనకు తెలియదు. నాలుకని కట్టుకోండి. ముఖ్యంగా పిల్లలు వింటున్నప్పుడు. పిల్లలు ఎప్పుడూ వింటూనే ఉంటారు.

తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవలలో సుందరాన్ని అక్షరాభ్యాసం నాటినుంచి మన ముందు పెంచాడు. పలక పట్టినవాడు పట్టా దాకా వెళ్ళాడు, చదువుకీ బతుక్కీ మధ్య వంతెన మాత్రం ఎవరూ వెయ్యలేదు. అంపశయ్య నవీన్ ‘అంపశయ్య’ నవలలో రవి కూడా హాస్టలు గదివాడే. ఒక్క రోజులో వాడి తల లోపల ఎంత నడిచిందో చెప్పడానికి ఒక నవల పట్టింది. మీవాడి తల లోపల ఎన్ని రోజులు నడిచాయో లెక్కపెట్టు. ఉదయం చీకటితో లేపి, రాత్రి చీకటిపడి చాలాసేపయ్యేదాకా కూర్చోబెట్టి, వారం వారం ర్యాంకు గోడకి అంటించే చోట ఆరు నెలలున్నాడు. ఆ ఆరు నెలల్లో నువ్వు ఫోనులో అడిగినవి మూడే ప్రశ్నలు. తిన్నావా, మార్కులెన్ని, ఫీజు కట్టమన్నారా. ఈ లెక్క నువ్వే చెప్పావు.

ఇక మన ఊరు చుండూరు సంగతి. దీన్ని దాటేసి హితం చెబితే నా నాలుకకి ఆ యోగ్యత ఉండదు.

1991 జులైలో, సినిమా హాల్లో, ఒక కుర్రవాడి కాలు ఇంకొకడికి తగిలింది. ఒకే బొమ్మ చూస్తూ చీకట్లో కూర్చున్న ఇద్దరు. తగిలింది దళితుడి కాలు, తగిలించుకున్నది అగ్రకులపు ఒళ్ళు. అక్కణ్ణించి కొట్లాట, దళితవాడకి సాంఘిక బహిష్కారం, పనులు బంద్. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర మురుగు కాలవలో పడేశారు. వాళ్ళని పాతిన చోటు ఊరి నడుమ రక్తక్షేత్రమై ఉంది. నువ్వూ నేనూ దాని ముందు నుంచే నడుస్తాం. ఈ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరి శిక్షలూ కొట్టేసింది. ఆ మంటలు ఈ ఇళ్ళలో ఇంకా ఆరలేదు.

నేనడిగేది వీటన్నిటికంటే ముందు సంగతి. కాలు తగలడం అవమానమని ఆ సినిమా హాలు కుర్రవాడికి ఎవరు నేర్పారు? అది ఏ వాచకంలోనూ లేదు. ఏ మాస్టారూ బోర్డు మీద రాయలేదు. ఇంట్లో, అన్నం ముందు, మాటల మధ్య దొర్లింది. సీతారామారావుకి దొర్లినట్టే. వంశం, పరువు, మనవాళ్ళు, వాళ్ళు. సీతారామారావు చేతిలో ఆ పరువు తనవాళ్ళనీ తననూ కాల్చింది. ఇక్కడ ఎదుటివాడి ఇల్లు కూల్చింది. విత్తనం ఒకటే.

ఇంకొక మాట కూడా చెప్పాలి. హోల్డెన్ ఒంటరితనం జేబులో డబ్బులున్నవాడి ఒంటరితనం. లోకం వాణ్ణి లోపలికి పిలుస్తూనే ఉంది, వాడే బయట నిలబడ్డాడు. ఊరు వెలివేసినవాడి ఒంటరితనం అది కాదు. కొట్టులో సరుకు ఇవ్వక, పొలంలో పని ఇవ్వక, తలెత్తి నడవనివ్వక వేసిన ఎడం వేరు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి బాధ అందరికీ సమానమే అని వేదాంతం చెప్పేవాణ్ణి నమ్మకు. నీ కొడుకు బాధని తేలిగ్గా తియ్యకు, కాని వాడికి ఆ రక్తక్షేత్రం చూపించు. అక్కడ ఎవరున్నారో, ఎందుకున్నారో నీ నోటితో చెప్పు. ఎవరో ఫోనులో పెట్టిన సొంత కులపు పొగరుమోతు మాటలు వాడికి చేరకముందే చెప్పు. తాను ఒక్కడే గాయపడ్డాననుకున్న పిల్లవాడు ఇంకొకరి గాయం ముందు నిలబడితే, వాడి చూపు మారుతుంది. కొందరికి మారదు. అయినా నిలబెట్టాలి.

పైన స్పెన్సర్ మాస్టారి మాట చెప్పాను. ఆ తప్పు చేసింది ఆయనొక్కడే కాదు.

ముప్ఫయ్యేళ్ళ పైమాట. ఒక బడిలో తొమ్మిదో తరగతి. అర్ధసంవత్సరం పరీక్ష తెలుగు కాగితాలు దిద్ది తెచ్చాను. మా అమ్మ అనే వ్యాసానికి ఒక కుర్రవాడు ఒకే వాక్యం రాశాడు, అమ్మ ఉంది అని. కింద ఖాళీ. పెన్ను గుచ్చి గుచ్చి చేసిన చుక్కలు. నాకు నవ్వొచ్చింది. వాణ్ణి నిలబెట్టి ఆ వాక్యం క్లాసుకి చదివి వినిపించాను. నలభై మంది నవ్వారు. వాడు కూడా నవ్వాడు. అదే నాకు బాగా గుర్తు, వాడూ నవ్వాడు. మర్నాటి నుంచి రాలేదు. ఆ వారంలోనే తెలిసింది, వాళ్ళమ్మ ఇల్లు విడిచి పుట్టింటికి వెళ్ళిపోయి అప్పటికి రెండు నెలలైందట, ఇంట్లో ఆ మాట ఎత్తడానికి లేదట. అమ్మ ఉంది అని రాయడానికి వాడికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో! తెలుగు పంతుల్ని, వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఒక క్రియాపదం ముందు ఓడిపోయాను. వాళ్ళింటికి వెళ్దామనుకున్నాను. ఏం మొహం పెట్టుకుని అని ఆగాను. ఆగినన్నాళ్ళూ ఆలస్యమైంది, ఆలస్యమైనకొద్దీ ఆగాను. తర్వాత ఆ కుటుంబం ఊరు మారింది.

కాబట్టి నాయనా, నేను చెప్పేది పైనుంచి చెబుతున్న మాట కాదు. కింద పడ్డ చోటు నుంచి చెబుతున్నాను.

నువ్వు రైతువి. నారుమడిలో నారు ఎంత పచ్చగా ఉంటుంది! పీకి, కట్ట కట్టి, పొలంలో నాటిన మర్నాడు చూడు. తల వాల్చేస్తుంది. ఆకు పసుపెక్కుతుంది. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అప్పుడు నువ్వేం చేస్తావు? గట్టు మీద నిలబడి పక్కచేలో నారుని చూసి బుద్ధి తెచ్చుకోమని తిడతావా? పీకి వేళ్ళు చూస్తావా? నీరు ఆరిపోకుండా, మునిగిపోకుండా చూసుకుంటావు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టు మీద నడుస్తావు. వారం పది రోజులకి మూన తిరుగుతుంది. వేరు పట్టి, కొత్త ఆకు లేస్తుంది. ఈ మధ్య మనవాళ్ళు నాట్లు మానేసి వెద జల్లుతున్నారు గాని, పిల్లల విషయంలో వెద కుదరదు. ప్రతివాడూ పదహారేళ్ళప్పుడు ఒకసారి పీకి నాటబడతాడు. బాల్యం అనే మడిలోంచి పీకింది మనం కాదు, వయసు. ఆ మొదటి రోజుల్లో వాడి పసుపుదనం రోగం కాదు. కొన్నిసార్లు రోగం కూడా అవుతుంది. తిండి మానేసినా, నిద్ర మానేసినా, చచ్చిపోతానన్నా మాట్లాడకుండా వైద్యుడి దగ్గరికి తీసుకుపో, పరువు అని దాచకు. చేనుకి తెగులు వస్తే ఇరుగుపొరుగుకి తెలుస్తుందని మందు కొట్టడం మానవు కదా.

మొక్కై వంగనిది అన్నావు. వంచడానికి కూడా చెయ్యి ఆనించాలి. గెలవేసిన అరటికి గెడ ఊతగా పెడతాం, ఎప్పుడైనా గెడతో చెట్టుని కొట్టడం చూశావా?

అడిగేటప్పుడు జవాబు నీకు ముందే తెలిసిన ప్రశ్నలు అడగకు. హాస్టలు ఎందుకు మానేశావు అనేది ప్రశ్న కాదు, అభియోగం. బాతులు ఎక్కడికి పోతాయి అని వాడు అడిగితే, చదువుకోక బాతులేమిటి అనకు. తెలియదురా, కనుక్కుందాం పద అను. వాడు చెప్పకపోతే ఊరుకో. ఊరుకోవడం అంటే లేచి వెళ్ళిపోవడం కాదు, పక్కనే ఉండి ఊరుకోవడం. ఇది చాలా కష్టం. ఉపదేశం చెప్పడం కంటే పదింతలు కష్టం. ఇంత చెప్పిన నేను ఎప్పుడూ చెయ్యలేకపోయింది ఇదే. ఒక్కటి మాత్రం నీ చేతిలో ఉంది. వాడు ఎంత రాత్రప్పుడు ఇంటికి వచ్చినా, వచ్చావా అని ఒక మాట వినబడాలి. ఎక్కడ తిరిగొచ్చావు అన్నది ఆ తర్వాత, కావాలంటే తెల్లారాక.

అని చెప్పి, పిల్లవాణ్ణి కేకేశాను. జేబుల నిండా జామకాయలతో వచ్చాడు. ఒకటి నాకిచ్చాడు. మిగతావి స్తంభం పక్క అరుగు మీద వరసగా పేర్చాడు, చిన్నవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు. నేను వాడికి ఏమీ చెప్పలేదు. తండ్రి మొహంలో, ఇందుకా తీసుకొచ్చింది అన్న భావం స్పష్టంగానే కనబడింది.

వారం తర్వాత అతను ఒక్కడే వచ్చాడు.

“మీరన్నట్టే చేశా మాస్టారూ. నిన్న రాత్రి అన్నాలయ్యాక వాడి మంచం మీద కూర్చున్నా. ఏం అడగలా. వాడూ మాట్లాడలా. మా ఆవిడ లోపల్నించి రెండుసార్లు తొంగిచూసి పోయింది. పది నిమిషాలు కూడా కాలా, కరెంటొచ్చింది. మొక్కజొన్నకి తడి పెట్టాలి గదా, మోటారు వేద్దామని లేచిపోయా” అన్నాడు. తప్పు చేసినవాడిలా చెప్పాడు.

“పోన్లే. తర్వాత?”

“తర్వాతేముంది, పొలానికి పోయా. సగం దూరం పోయాక చూస్తే వెనక వెలుగు. వాడే, టార్చి పట్టుకుని వస్తున్నాడు.”